శిక్షణ అన్న గడిలో

పొద్దున్నే అత్తగారి కాలికి కట్టు మార్చడంతో ఆమె రోజు మొదలవుతుంది. మడమ దగ్గర పుండు. షుగరు ఉంది కాబట్టి అంత తొందరగా మానదన్నాడు డాక్టరు. నీళ్ళు కాచి చల్లార్చి, పాత కట్టు తడిపి మెల్లగా ఊడదీసి, తుడిచి, మందు రాసి, కొత్త గుడ్డ చుట్టేసరికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ భర్త పక్కగదిలో ఫోను చూసుకుంటూ ఉంటాడు. ఒకసారి ఆమెకు ఒళ్ళు కాలిపోతుంటే, ఈ పూటకు మీరు కట్టండి అని అడిగితే గుమ్మం దాటి లోపలికి రాలేదు. "నాకు చేతకాదు. నీ హస్తవాసి మంచిది, నువ్వు కడితేనే అమ్మకు హాయి" అన్నాడు. అవునమ్మాయ్ అంది అత్తగారు. కాదనడానికి అందులో తిట్టేమీ లేదు, మెచ్చుకోలే. జ్వరంతోనే కూర్చుని కట్టింది.

ఆ మెచ్చుకోలు ఆమె పనిచేసే చోట కూడా ఉంది. అది హోటళ్ళ దుప్పట్లూ దిండు గలీబులూ ఉతికే పెద్ద లాండ్రీ. పాతికమంది ఆడవాళ్ళు, ఆవిరితో నడిచే మూడు ఇస్త్రీ యంత్రాలు. ఆమెది మడతల బల్ల. పదకొండేళ్ళ కిందట ఎవరికో వేలు తెగితే తన సంచిలోంచి దూది తీసి కట్టింది. అంతే, ఆ రోజు నుంచి ఎవరికి ఏమైనా "అక్క సంచి" అనడం అలవాటైపోయింది. ఇంటికి కొన్న దూదిలో సగం ఆ సంచిలోకే పోయేది. గోడకు ప్రథమ చికిత్స పెట్టె లేకపోలేదు. అది మేనేజరు కుర్చీ వెనక, ఎర్ర ప్లస్సు గుర్తుతో, తాళంతో సహా ఉంది. ఆ తాళంచెవి ఎవరూ అడగలేదు, ఆయనా ఇవ్వలేదు. అక్క సంచి ఉండగా పెట్టెతో పనేమిటి? సంచి మోసే మనిషి భుజం గురించి మాత్రం ఎవరికీ గుర్తుండేది కాదు.

రెండు నెలల కిందట పెద్ద యంత్రం దగ్గర పనిచేసే మనిషి చెయ్యి కాలుతున్న ఇస్త్రీ పలక కింద పడింది. పొద్దున వచ్చింది మొదలు సాయంత్రం దాకా ఆగకుండా మాట్లాడుతుందని ఆమెను అందరూ రేడియో అంటారు. ఆ రోజు రేడియో నోరు తెరిచింది గానీ శబ్దం రాలేదు. అందరూ అక్కవైపు చూశారు. ఆమె పరుగెత్తుకెళ్ళి సంచిలోంచి టూత్‌పేస్టు తీసి, కాలిన చెయ్యంతా చల్లగా, ఒత్తుగా పూసింది. చిన్నప్పుడు తనకు వాళ్ళమ్మ పూసినట్టే పూసింది. అక్క వచ్చింది, ఇక భయం లేదని ఎవరో అనడం కూడా వినపడింది. నిజం చెప్పొద్దూ, ఆ మాటకు లోపల కొంచెం గర్వపడింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ చెయ్యి చూసి ముందు అడిగిన మాట, ఇది పూసిందెవరు అని. మా అక్కేనండీ, హస్తవాసి చాలా మంచిదండీ అంది రేడియో, ఆ నొప్పిలో కూడా. డాక్టరమ్మ కోప్పడలేదు. "హస్తవాసి సంగతి నాకు తెలీదు. కాలిన వెంటనే కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టి, ఏమీ పూయకుండా తీసుకొచ్చి ఉంటే ఇంత లోతుకు పోయేది కాదేమో" అంది. కుళాయి ఆ యంత్రానికి నాలుగడుగుల దూరంలో ఉంది. అసలు ఆ లాండ్రీలో నీళ్ళు లేని మూల ఏది?

రేడియో రెండు వేళ్ళు ఇప్పుడు పూర్తిగా ముడుచుకోవు. ఆమెనూ మడతల బల్లకే మార్చారు. నీ తప్పేం లేదక్కా అంటుంది రోజూ, గలీబు అంచు పట్టు దొరక్క జారిపోతుంటే మళ్ళీ పట్టుకుంటూ. తప్పు తనదేనని అక్కకు తెలుసు. తనొక్కదానిదే కాదని తెలియడానికి మాత్రం ఇంకో మూడు వారాలు పట్టింది.

ఆ ప్రమాదం కబురు విని తనిఖీకి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. పెట్టె తెరవమంది. తాళంచెవి వెతకడానికే పావుగంట అయింది. తెరిస్తే లోపల టీపొడి, పంచదార, అడుగున ఎండి గడ్డకట్టిన మందు సీసా. అందరిముందూ ఆవిడ గట్టిగానే చెప్పింది. పెట్టె పనిచేసేవాళ్ళ చేతికి అందే చోట ఉండాలి, తాళం ఉండకూడదు, ప్రతి షిఫ్టులోనూ శిక్షణ పొందిన మనిషి ఉండాలి, ఆ పేరు గోడమీద రాసి ఉండాలి, ఇదంతా యజమాని చూసుకోవాల్సిన బాధ్యత. వారం గడువిచ్చి వెళ్ళింది. మడతల బల్ల దగ్గర ఆమె చేతిలో దుప్పటి సగం మడతలోనే ఆగిపోయింది. ఇదంతా ఒకరి పనా? పదకొండేళ్ళుగా ఆ ఒకరు చెయ్యని పనినా తను ఇంటి దూదితో, అమ్మ నేర్పిన టూత్‌పేస్టుతో నెట్టుకొచ్చింది?

మేనేజరు వారం ఆగే మనిషి కాదు. గంటలో కాగితం తయారైంది. పేరు గడిలో ఆమె పేరు. శిక్షణ అన్న గడిలో, గుండ్రటి అక్షరాలతో, "హస్తవాసి మంచిది, పదకొండేళ్ళ అనుభవం" అని రాసి ఉంది. పాపం, వెటకారానికి రాయలేదు. నిజంగానే అనుకుని రాశాడు.

"ఇక్కడ సంతకం పెట్టండమ్మా."

"నాకు శిక్షణ లేదు సార్."

"మీకు ఒకరు నేర్పడమేమిటి? పైగా అది మూడు రోజులట. మీరు లేకపోతే మడతల బల్ల ఎవరు చూస్తారు?"

పంచదార ఇంట్లో నిండుకుంటే కూడా ఇంతకంటే గట్టిగా మాట్లాడే అలవాటు లేదు ఆమెకు. అయినా కలం తీసుకుని ఆ గడిలో రాసిందంతా ఒక్క గీతతో కొట్టేసి, పక్కన "లేదు" అని రాసి, దానికింద సంతకం పెట్టింది.

"ఇది ఆఫీసరమ్మకు ఎలా చూపించను?" అన్నాడాయన.

"చూపించకండి. నన్ను శిక్షణకు పంపించండి. నేర్చుకుని వచ్చాక ఇంకో కాగితం రాద్దాం. రేడియో వేళ్ళకు నా హస్తవాసి సరిపోలేదు సార్."

బల్ల దగ్గర రేడియో మాట ఆపి వింటోంది. మేనేజరు ఆ వేళ్ళవైపు చూడలేదు గానీ, మర్నాటికి అక్క పేరు శిక్షణకు వెళ్ళింది. పెట్టె కూడా కుళాయి పక్కకు వచ్చింది, తాళం లేకుండా.

సోమవారం ఏడింటికల్లా ఊరి అవతలి చివర ఉండాలి. ఆదివారం ఆ మాట చెబితే భర్త ఫోనులోంచి తలెత్తాడు. "మూడు రోజులా? మరి అమ్మ కట్టు?" అన్నాడు. సోమవారం తెల్లవారగానే నీళ్ళు కాచి చల్లార్చి, దూది, మందు, గుడ్డ వరసగా అత్తగారి మంచం పక్కన పెట్టి అతన్ని పిలిచింది. ఎప్పటిలాగే గుమ్మం దగ్గర ఆగాడు.

"నా హస్తవాసి మంచిది కాదని నీకు తెలుసు కదా."

"దాంతో పనిలేదండీ" అంది ఆమె, ఖాళీ సంచి భుజానికి తగిలించుకుంటూ. "ముందు చేతులు కడుక్కుని రండి."