బార్‌కి ఇవతల

గూస్‌బెర్రీలని పుల్లటి పచ్చ కాయలుంటాయి, సాస్‌కి వాటి రెండు కొసలూ గిల్లాలి. ఒక వైపు తొడిమ, ఇంకో వైపు ఎండిన పువ్వు. గోటితో గిల్లాల్సిందే, కత్తి పెడితే కాయ చితికిపోతుంది. పొద్దున ఒక విడత సాస్ కాచి పెట్టి, రెండో విడతకి సగం గిన్నె గిల్లానో లేదో, క్లైవ్ వచ్చి గిన్నె లాగేసుకున్నాడు.

"చాలు, లే లోరైన్. ఈరోజు నువ్వూ గిరాకీవే. కాళ్లు చాపుకుని కూర్చో. వేలు కదిపావంటే ఊరుకోను."

ఇరవై రెండేళ్ల కాపురంలో నా మొగుడు నన్ను కూర్చోమనడం ఇదే మొదలు. సంతోషించాలా, అనుమానించాలా? ఒట్టు, నాకు తెలియలేదు.

శుక్రవారం నుంచి మా పబ్బులో వేసవి గ్రిల్ మొదలు. అంతకంటే ముందు ఈ ఆదివారం మధ్యాహ్నం, రోజూ వచ్చే పన్నెండుమందిని పిలిచి ఊరికే తినిపిస్తున్నాం. తలా ఒక చీటీ ఇచ్చాం, ఏది బాగుంది, ఏది తీసెయ్యాలి అని రాయడానికి. పెరట్లో కొత్త బొగ్గుల పొయ్యి. దాని ముందు, తుంపర్లో, కొత్త ఏప్రన్ కట్టుకుని క్లైవ్. "ఈ వేసవంతా వంట నాది, మా ఆవిడకి విశ్రాంతి" అని వారం నుంచి వీధంతా చాటుతున్నాడు. గుమ్మం పక్క నల్లబల్ల మీద 'క్లైవ్ గ్రిల్' అని సుద్దతో రాసింది మాత్రం నేనే. నా దస్తూరీ బాగుంటుందట.

వంట ఆయనదైతే మరి నేనెవర్ని? ఇన్నేళ్లూ ఆ వంటింట్లో నిలబడి కాళ్ల నరాలు ఉబ్బించుకున్నది ఎవరు? అలా అని గట్టిగా అడగనూ లేను, ప్రేమగానే అన్నాడు కదా! పెళ్లయిన కొత్తలో ఒకసారి కాలు నొప్పెట్టి కిటికీ పక్కన కూలబడితే మా అత్త ఎడ్నా వచ్చి, "గిరాకీల ముందు కూర్చోకే అమ్మాయ్, అసహ్యంగా ఉంటుంది" అంది. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది. ఇవాళ అదే కిటికీ పక్కన కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. బల్ల మీద మరకేమీ లేకపోయినా రెండుసార్లు తుడిచాను.

కూర్చున్నాను సరే, ఎంతకీ తిండి రాదు. అందరూ తింటున్నారు. ఎదురుగా కూర్చున్న ముసలి హెట్టీ పకపకా నవ్వింది.

"ఏం తల్లీ, బల్ల దగ్గరికి తెచ్చిస్తారనుకున్నావా? వెళ్లి తెచ్చుకోవాలే! మమ్మల్ని రోజూ గదిమేది నువ్వేగా?"

నిజమే. బల్ల దగ్గరికి తెచ్చివ్వం, బార్ దగ్గర అడగండి అని గోడ మీద రాసిందీ నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. లేచి, బార్ మీద క్లైవ్ పెట్టి వెళ్లిన పళ్లెంలోంచి ఒక కానాగంత చేప వేసుకున్నాను. చేప ఒక పక్క మాడింది. కానీ పైన పోసిన ఆ పుల్లటి గూస్‌బెర్రీ సాస్! నేనెప్పుడూ నిలబడి గరిటె కొసన నాకి చూడటమే. కూర్చుని, వేడివేడిగా, చేపతో తినడం ఇదే. అబ్బ, ఎవరు చేశారో గానీ, అనుకున్నాను. ఆ మరుక్షణం నా గోళ్ల కింద ఆకుపచ్చ మరక కనబడింది.

"చంపేశావయ్యా క్లైవ్!" అని గ్లాసులు లేపారు అందరూ.

క్లైవ్ గుమ్మంలో నిలబడి వంగి దణ్ణం పెట్టాడు. "లోరైన్ కూడా కాస్త సాయం చేసిందిలెండి. కోసి పెట్టడం, అవీ ఇవీ."

అవీ ఇవీ. తప్పేముంది? నిప్పు ముందు నిలబడ్డది ఆయనేగా. పొగ మింగిందీ ఆయనే. ఎవరెంత చేస్తే వంట అవుతుందో నాకిప్పటికీ తేలడం లేదు. చీటీ ముందు పెట్టుకుని పెన్సిల్ కొరుకుతూ ఉండిపోయాను.

రెండో వాయికి వేళయింది. క్లైవ్ పట్టకారు ఆడిస్తూ నా దగ్గరికొచ్చాడు. మొహం చెమటతో మెరుస్తోంది.

"సాస్ అయిపోయింది. ఇంకోటి ఎక్కడ పెట్టావ్?"

"ఇంకోటి లేదు. సగంలోనే గిన్నె లాగేసుకున్నావుగా."

"మటన్ చాప్స్‌కి ఉప్పూ పుదీనా పట్టించావా?"

"కూర్చోమన్నావు. కూర్చున్నాను."

కావాలని ఊరుకున్నానా, మర్చిపోయానా? దేవుడి మీద ఒట్టేసి చెప్పమన్నా చెప్పలేను. పన్నెండు మొహాలూ మా వైపే తిరిగాయి. నా మోకాళ్లు వాటంతటవే లేవబోయాయి. బల్ల అంచు పట్టుకుని వాటిని ఆపాను.

"బల్ల దగ్గర ఏమీ దొరకదు క్లైవ్. బార్ దగ్గర అడగాలి."

మనిషి అయోమయంలో పడ్డాడు. అలవాటుకొద్దీ బార్ దగ్గరికి వెళ్లి, గిరాకీలు నిలబడేవైపు నిలబడ్డాడు. అవతల ఎవరూ లేరు. బీరు పంపుల వైపు చూశాడు, వంటింటి తలుపు వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు.

అప్పుడు లేచాను. తొందరేం లేదు. చుట్టూ తిరిగి వెళ్లి బార్ వెనక నిలబడి, రెండు చేతులూ చెక్క మీద ఆనించి, ఎవర్నయినా అడిగినట్టే అడిగాను.

"ఏం కావాలి?"

"సాస్," అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవరి సాస్?"

క్లైవ్ గుమ్మం పక్కన నల్లబల్ల వైపు చూశాడు. ఆయన వెనక హెట్టీ ఖాళీ పళ్లెం పట్టుకుని వరసలోకి వచ్చింది, ఆవిడ వెనక ఇంకొకరు. పొద్దున క్లైవ్ లాక్కెళ్లి బార్ వెనక పెట్టిన సగం గిల్లిన గిన్నె నా చేతికందే దూరంలోనే ఉంది. అది ఎవరి సాసో ఆయన చెప్పేదాకా నేను దాన్ని ముట్టుకోదల్చుకోలేదు.