నీలిబూడిదా, బూడిదా

నేను ఒక షేడ్ కార్డును. రంగుల కంపెనీలో సన్నని అట్టముక్కల మీద రంగులు పూసి, ఓ మూల చిల్లు పొడిచి, విసనకర్రలా విచ్చుకునేట్టు బిగిస్తే పుట్టాను. విజయవాడలో పేరయ్యగారి రంగుల దుకాణం చేరాను. ట్యూబులైటు కింద నన్ను విప్పి మొగుడూ పెళ్లాలు గంటసేపు పోట్లాడుకునేవారు. చివరికి తెలుపు కొనుక్కుని సంతోషంగా వెళ్లేవారు.

వరద తీశాక కస్తూరి వచ్చింది. బళ్లో లెక్కల టీచరు. నన్ను తిరగేసి బూడిదరంగు దగ్గర ఆగింది. పక్కనే నీలం కలిసిన బూడిద. ఆమె వేలు రెంటి మధ్యా తిరుగుతూనే ఉంది.

"రెండూ ఒకేలా ఉంటాయమ్మా, ఏదో ఒకటి వేయించేయండి," అన్నారు పేరయ్యగారు.

"అలా కుదరదండీ. మా అమ్మ తన గదిని గుర్తుపట్టాలి." పేరయ్యగారు రెండు రంగులూ చిన్న డబ్బాల్లో కలిపించి, నన్నూ ఆమె చేతికిచ్చారు.

తల్లి సీతారత్నంగారికి కొన్నేళ్లుగా మతిమరుపు. అయినా తన గదిలో నిమ్మళంగా ఉండేవారట. నడుమెత్తు నీళ్లు నిలిచి గోడలు పాడైతే కస్తూరి తొందరపడి తెల్లరంగు వేయించింది. అంతే, ఆవిడ ఆ గదిలో అడుగుపెట్టలేదు. ఒళ్లో చేతిసంచి పెట్టుకుని వరండాలోనే కూర్చునేవారు. వచ్చేపోయేవాళ్లను బతిమాలేవారు: "పరాయివాళ్లింట్లో ఎన్నాళ్లుండను బాబూ? కాస్త మా ఇంటి దగ్గర దింపరూ?" తిండి మానేశారు. ఓసారి లారీలు తిరిగే రోడ్డెక్కేస్తే ఎవరో పట్టుకొచ్చారు. అప్పటినుంచి గేటుకు తాళం. "కన్నతల్లిని లోపల పెట్టి తాళం వేస్తున్నానండీ," అని కస్తూరి పక్కింటావిడ దగ్గర ఏడవడం విన్నాను.

పాత రంగేదో కస్తూరికీ తేలడం లేదు. చిన్నప్పటి నుంచి చూసిన గోడే, కళ్లు మూసుకుంటే రంగు జారిపోతోంది. ఫోటోలన్నీ నీళ్లలో పోయాయి. నన్ను గోడకానించి చూస్తే పొద్దున బూడిదే అనిపించేది, లైటు వేశాక నీలిబూడిదే అనిపించేది. రెండూ పక్కపక్కనే పూసి తల్లిని గుమ్మం దాకా తెచ్చింది.

"మనది ఇందులో ఏదమ్మా?"

ఆవిడ మర్యాదగా చూశారు. "రెండూ బాగున్నాయండీ. మీ ఇల్లు, మీ ఇష్టం."

చివరికి కస్తూరి నీలిబూడిద వేయించింది. మంచం పాత చోటనే వేసింది. ఆ సాయంత్రం తల్లిని మళ్లీ గుమ్మం దగ్గర నిలబెట్టింది. నాకు ఊపిరంటూ ఉంటే బిగబట్టేదాన్ని.

"ముచ్చటగా ఉంది," అన్నారు సీతారత్నంగారు. "మరి నన్నెప్పుడు పంపిస్తారు?"

కస్తూరి గోడకు చేరగిలి కూలబడింది. పచ్చిరంగు చీరకంటుకుంది. "నాకింకేం తెలీదమ్మా, ఇంకేం చెయ్యను," అంటూ వెక్కివెక్కి ఏడ్చింది.

ఆవిడ గుమ్మం దాటి లోపలికొచ్చి, పక్కన కూర్చుని, కొంగుతో ఆమె ముఖం తుడిచారు.

"ఎవరి పిల్లవే తల్లీ? నీకూ ఇంటికి దారి తెలీడం లేదా? ఊరుకో. ఏదైనా తిని ఇక్కడే పడుకుందాం. తెల్లారాక ఇద్దరం కలిసి వెళ్దాం."

కస్తూరి అన్నం కలిపి తెస్తే ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

నన్ను తిరిగివ్వడం ఆమె మరిచిపోయింది. కిటికీ గట్టు మీదే ఉండిపోయాను. మర్నాడు సీతారత్నంగారు తయారై, "పద," అన్నారు. కస్తూరి కాదనలేదు. బడికి సెలవు పెట్టి, తల్లి చెయ్యి పట్టుకుని బయలుదేరింది. నాకు కనిపించినంత దూరం ఇద్దరూ ఒక్కో ఇంటి ముందూ ఆగి, తలెత్తి చూసుకుంటూ నడిచారు.