హీరోయిన్‌కి బదులు

చింతచిగురు పప్పుకి తాలింపు వేస్తుండగా ఫోన్ మోగింది. ఎడమచేత్తో ఎత్తాను. "రాధాకుమారి గారాండీ? క్రెడిట్ కార్డు మూడు నెలల్నించి మినిమం కూడా కట్టలేదు. రేపు ఇంటికే వస్తాం" అన్నాడు అవతలివాడు. మా ఆయన వీరేంద్ర వెనకే నిలబడి విన్నాడు. "ఎందుకెత్తావే?" అంటూ జుట్టు పట్టుకుని నా తలని స్టవ్ గట్టుకేసి కొట్టాడు. తాలింపు మాడిపోయింది. హాల్లోంచి అత్తగారు నాగరత్నం, "మాడు వాసనొస్తోంది, చూసుకోవే" అంది.

కార్డులు నా పేరు మీదే ఉన్నాయి. మచిలీపట్నంలో ప్రైవేటు స్కూలు టీచర్ని, ఇంట్లో పే స్లిప్పు ఉన్నది నాకొక్కదానికే. గీకింది మాత్రం అతను. బంటుమిల్లి దగ్గర లీజుకి తీసుకున్న రొయ్యల చెరువుకి మేత, చెరువు గట్టున స్నేహితులకి పార్టీలు. తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్యలన్నీ చచ్చాయి. అప్పు చావలేదు, వడ్డీ తిని మూడు లక్షల నలభై వేలకి పెరిగింది. "నీ పేరు మీదుంది, నువ్వే కట్టుకో" అంటాడు. ఆ ఇంట్లో నా పేరు మీద ఇంకేమీ లేదు.

వేసవి సెలవులివ్వగానే తోటి టీచరు సుగుణ, "గుడివాడలో సూపర్‌హీరోయిన్ సినిమాకి ఆడవాళ్ళని తీసుకుంటున్నారంట, రావే, రోజుకింతని ఇస్తారు" అని లాక్కెళ్ళింది. కళ్యాణమండపం నిండా ఆడపిల్లలే. హీరోయిన్ ఎప్పుడో ఖాయమైపోయిందట. వెతుకుతున్నది ఆమెకి బదులు దెబ్బలు తినే డూప్‌ని. లోకాన్ని కాపాడేది ఆవిడ, కిందపడేది మేము.

ఫైట్ మాస్టర్ దైవాధీనం గారు ఒక్కొక్కరినీ పరుపు మీదకి తోసి చూస్తున్నారు. పిల్లలు చేతులు చాచి పడి, మోచేతులు పట్టుకుని ఏడుస్తున్నారు. నా వంతు వచ్చింది. "తొయ్యనా అమ్మా? రెడీయేనా?" అని అడిగారాయన. నా మీద చెయ్యెత్తే ముందు, పెళ్ళైన పన్నెండేళ్ళలో ఎవరూ అడగలేదు. ఊ అన్నాను. తోశారు. గడ్డం గుండెకి ఆనించి, మొహం దాచుకుని, భుజం మీద దొర్లి లేచాను.

"ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"ఇంట్లోనండీ."

అందరూ నవ్వారు. నా నుదుటి మీద బొప్పి చూసి ఆయన నవ్వలేదు. "రోజుకి నాలుగు వేలు. అడ్వాన్సు పదివేలు. వారం ఇక్కడ ప్రాక్టీసు, తర్వాత హంసలదీవిలో షూటింగ్" అన్నారు. ఆ వారంలో తప్పుకోవడం కూడా నేర్పారు. "చెయ్యి చూడకండి, భుజం చూడండి. ముందు కదిలేది అదే" అనేవారు.

షూటింగ్‌కి బయల్దేరే పొద్దున వీరేంద్ర గదిలోకి వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. "అడ్వాన్సు ఇటియ్యి. చెరువులో మళ్ళీ రొయ్యపిల్ల వదలాలి."

"కార్డుకి కట్టేశాను."

"నన్నడక్కుండానా?"

అతని కుడి భుజం కదిలింది. నేను పక్కకి జరిగాను. పిడికిలి వెళ్ళి ఇనప బీరువా అంచుకి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఆ ఊపుకి చేతులు చాచి బోర్లా పడ్డాడు. పెదవి చీలి గచ్చంతా నెత్తురైంది. అబద్ధమెందుకు, నాకు సంతోషం వేసింది. మనిషికి పడటం కూడా రాదు. ఎప్పుడైనా పడి ఉంటేగా!

సంచీ భుజాన వేసుకుని అతన్ని దాటాను. అప్పు ఎలాగోలా తీర్చుకుంటాను, ఈ ఇంటికి మాత్రం మళ్ళీ రాను. గుమ్మం దగ్గర నాగరత్నం గుండెలు బాదుకుంటూ, "చూస్తావేంటే, లేపు వాణ్ణి!" అని అరిచింది.

"పన్నెండేళ్ళూ నన్నెవరూ లేపలేదు అత్తయ్యా. ఆయన్నీ నేర్చుకోనివ్వండి."