నేను రాసిన పదకొండు రోజులు

ఆ వాక్యం కోసేసింది నేనే. పత్రికవాళ్ళు ఎనిమిది వేల మాటలు దాటకూడదన్నారు. నా వ్యాసం ఎనిమిది వేల ఏడు తేలింది. ఎక్కడ కత్తెర పెట్టాలా అని రెండు రోజులు తల బద్దలుకొట్టుకున్నాక, చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒకటి దొరికింది. "చెప్పినవాళ్ళ గుర్తు తెలియకుండా ఉండడానికి కొన్ని వివరాలు మార్చాం." సరిగ్గా ఏడు మాటలు. లేపేశాను. మా పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే కదా, అది రాయకపోతే కొంపలేం మునుగుతాయి అనుకున్నాను. మునగడం మునిగింది, కాకపోతే నా కొంప కాదు.

ప్రాణభయంతో దేశం విడిచి వచ్చినవాళ్ళ మీద పరిశోధన నా ఉద్యోగం. యూనివర్సిటీలో మూడో అంతస్తు, లిఫ్టు పక్క గది. "సరిహద్దులు దాటినవాళ్ళ గురించి ఇరవై ఏళ్ళుగా రాస్తున్నావు, నువ్వు మాత్రం ఆ గది గడప దాటవు" అని మా ఆయన ఎగతాళి. ఆరేళ్ళ కిందట ముప్పై మందిని కూర్చోబెట్టి మాట్లాడించి, టేపు చేసి, వ్యాసం రాశాను. అందులో పేర్లుండవు, అంకెలే. పద్నాలుగో వ్యక్తి ఒక టైలరమ్మ.

వాళ్ళ ఊళ్ళో ఆమె భర్తని వెతుక్కుంటూ మనుషులొచ్చారు. ఆయన దొరికిపోయాడు. ఆమె రెండేళ్ళ పాపని చంకనేసుకుని పిండిమిల్లు వెనక గోదాములో బస్తాల మధ్య దాక్కుంది. మిల్లు యజమాని బయట తాళం వేసి, తలుపు కింద సందులోంచి నీళ్ళూ రొట్టే తోసేవాడు. ఎన్ని రోజులని అడిగితే, "నాలుగక్కా" అంది. టేపులో ఉంది. నేను వ్యాసంలో పదకొండని రాశాను. నాలుగు రోజులు గోదాములో ఉన్న ఆడమనిషంటే ఆ ఊళ్ళో ఎవరైనా ఇట్టే పోల్చుకుంటారు, ఆ మిల్లాయనకి ముప్పు. పదకొండే ఎందుకు? ఏమీ లేదు. టీ తాగుతూ తోచిన అంకె వేశాను.

వ్యాసం అచ్చయ్యాక మా పద్ధతి ప్రకారం ఎవరి భాగం వాళ్ళకి వాళ్ళ భాషలో టైపు చేసి ఇచ్చాను. ఇచ్చేటప్పుడు గొప్పగానే అనిపించింది, ఎందుకు దాచాలి. టైలరమ్మ కళ్ళకద్దుకుని ప్లాస్టిక్ కవరులో పెట్టి కుట్టుమిషను పక్కన గోడకి తగిలించుకుంది. ఇందులో కొంచెం మార్చానమ్మా అని ఆవేళ ఒక్క మాట అని ఉండాల్సింది. జాకెట్టు కొలతలు తీసుకుంటానని ఆమె టేపు పట్టుకుని వెంటపడితే ఆ హడావుడిలో మర్చిపోయాను.

మొన్న ఆమె లాయరు నా గదికొచ్చింది. చిన్న వయసే, మాట మాత్రం వడివడిగా. ఆశ్రయం ఇవ్వమన్న దరఖాస్తు ఇన్నేళ్ళకి కదిలిందట, కదిలి తిరస్కరణకి వచ్చిందట.

"కారణం చూడండి మేడమ్" అని కాగితం నా ముందు పెట్టింది.

దరఖాస్తుదారు చెప్పిన కథ ఫలానా పరిశోధనా వ్యాసంలోని పద్నాలుగో వ్యక్తి కథకి మక్కీకి మక్కీ కాపీ అని రాశారు. ఎవరో పడ్డ కష్టాన్ని ఈమె బట్టీపట్టి అప్పజెప్పిందని తేల్చారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "కాపీ ఏంటండీ? ఆ పద్నాలుగో మనిషి ఆవిడే!"

"అదే మీరొచ్చి చెప్పాలి. అప్పీలు విచారణ పదిహేనో తారీఖున. అక్కడా పోతే నెల రోజుల్లో తల్లీకూతుళ్ళని వెనక్కి పంపించేస్తారు. టేపుందా మీ దగ్గర?"

ఉంది. నిజానికి ఉండకూడదు. అయిదేళ్ళు కాగానే చెరిపేస్తామని రాసిచ్చాం. నా బద్ధకం పుణ్యమా అని అది ఇంకా సొరుగులోనే పడి ఉంది. జీవితంలో మొదటిసారి నా బద్ధకం ఒకళ్ళకి పనికొచ్చిందని సంబరపడి, లాయరమ్మ తెచ్చిన టైలరమ్మ వాంగ్మూలం చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను.

"గోదాములో పదకొండు రోజులు ఉన్నాను."

ప్రమాణం చేసి, సంతకం పెట్టి మరీ చెప్పింది.

టేపు బయట పెట్టకపోతే ఆమె కథ దొంగిలించిన మనిషి. బయట పెడితే ప్రమాణం మీద అబద్ధం ఆడిన మనిషి. లాయరమ్మకి చెప్పాను. ఆమె పెన్ను మూత తీస్తూ పెడుతూ వింది.

"ఒక్కసారి ఆవిడతో మాట్లాడతాను, ఎందుకలా చెప్పిందో అడుగుతాను" అన్నాను.

"వద్దు మేడమ్! మీరిప్పుడు సాక్షి. విచారణకి ముందు మాట్లాడారని తెలిస్తే మీరే నేర్పించారంటారు. ఫోను కూడా వద్దు."

నాకు టైలరమ్మ మీద కోపమొచ్చింది. నాలుగు చాలవనుకుందా? చంటిపిల్లతో చీకట్లో నాలుగు రోజులంటే తక్కువా? నేను అచ్చేసిన అంకె పెద్దదిగా ఉందని దానికి ఆశపడిందా? ఇంటికెళ్ళి మా ఆయన మీద అరిచాను. ఆయన పాపం, కూర బాగుందని మాత్రమే అన్నాడు.

మా డిపార్టుమెంటు పెద్దాయనకి చెప్పక తప్పలేదు. నాకు పాఠాలు చెప్పిన మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

"ఒకళ్ళ విషయంలో మార్చావంటే మిగతా ఇరవైతొమ్మిది మంది మాటేమిటమ్మా? ఆ వ్యాసం చూపించి ఎంతమంది లాయర్లు కేసులు నడుపుతున్నారో తెలుసా నీకు?"

"తెలుసండీ."

"మార్చామని రాసిన వాక్యం ఏదీ?"

మాటలు ఎక్కువయ్యాయని చెప్పడానికి నోరు రాలేదు.

"వెళ్ళొద్దనను. కానీ అడిగినదానికే జవాబు చెప్పు. నీ అంతట నువ్వు గోతిలో దూకకు" అన్నాడు. దూకడానికి వేరే చోటెక్కడుంది, ఉన్నదే గోతిలో అయితే.

ఆ వారం రోజులూ టేపు పెట్టుకుని విన్నాను. నాలుగక్కా, నాలుగక్కా. ఆ మాటకి ముందు ఆమె కాస్త ఆగింది. అప్పట్లో రాసుకున్న నోట్సులో ఆ ఆగడాన్ని మూడు చుక్కలుగా పెట్టుకున్నాను. ఏడుపు ఆపుకుంటోందని అనుకున్నాను కాబోలు.

విచారణ గదికి కిటికీ లేదు. పొడుగాటి బల్ల, మైకు, నీళ్ళ జగ్గు, నాలుగు మూలలా ఒకేలాంటి కుర్చీలు. బయట వరండాలో బెంచీ మీద టైలరమ్మ కనిపించింది. పక్కన తొమ్మిదేళ్ళ కూతురు, స్కూలు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని. నన్ను చూడగానే టైలరమ్మ ముఖం విప్పారింది. ఇక భయం లేదన్నట్టు కూతురు చెయ్యి నొక్కింది. నేను పలకరించకూడదు. తల తిప్పుకుని లోపలికి వెళ్ళాను. అంత నీచంగా నాకెప్పుడూ అనిపించలేదు.

విచారణాధికారి జలుబుతో ఉన్నాడు. దుర్మార్గుడేమీ కాదు. ప్రతి కాగితం చదివే రకం.

"వ్యాసంలోని పద్నాలుగో వ్యక్తి ఈమేనా?"

"ఈమేనండీ. టేపు తెచ్చాను."

వినిపించారు. నా గొంతు, ఆమె గొంతు, పాప కూనిరాగం. "నాలుగక్కా" అన్నచోట ఆయన ఆపించాడు. వెనక్కి తిప్పించి మళ్ళీ విన్నాడు.

"వ్యాసంలో పదకొండని ఉందే?"

అడిగినదానికే జవాబు చెప్పమన్నారు కదా. అడిగాడు. చెప్పేశాను.

"మార్చింది నేనండీ. ఎవరూ గుర్తుపట్టకూడదని మార్చాను. మార్చినట్టు ఒక వాక్యం ఉండాలి, మాటలు మించిపోయాయని దాన్ని నేనే తీసేశాను. తప్పు నాది."

"మిగతావాళ్ళవీ మార్చారా?"

"అందరివీ. ఎంతో కొంత."

ఆయన రాసుకున్నాడు. నా ఇరవై ఏళ్ళ పేరు ఒక పేరాలో అయిపోయింది. ఆశ్చర్యంగా నాకు గుండె తేలికపడింది. కాపీ అన్న మాట కొట్టుకుపోయింది, అంకె తప్పు నా నెత్తిన పడింది, ఇక ఆమెకి దారి దొరికిందనుకున్నాను. లాయరమ్మ కూడా నావైపు చూసి చిన్నగా తలూపింది. నన్ను వెనక కుర్చీలో కూర్చోమన్నారు. ఇక మాట్లాడకూడదన్నారు.

టైలరమ్మని పిలిచి టేపు వినిపించారు. తన గొంతు విని ఆమె చిన్నగా నవ్వింది.

"ఈ గొంతు మీదేనా?" అన్నాడు అధికారి.

"నాదే సార్. ఆ పాట మా పాపది."

"ఇక్కడ నాలుగు రోజులన్నారు. మాకిచ్చిన వాంగ్మూలంలో పదకొండన్నారు. ఎందుకు?"

టైలరమ్మకి ప్రశ్న కష్టంగా తోచినట్టు లేదు. ఎంతో సహజంగా చెప్పింది.

"లోపల చీకటి కదా సార్. పగలో రాత్రో తెలిసేది కాదు. తలుపు కింద వెలుగు కూడా రాకుండా ఆయన గోనెపట్టా కుక్కేశాడు. పాప నిద్రపోతే రాత్రి అనుకునేదాన్ని. అలా ఒక నాలుగు అనుకున్నా. అక్క చదువుకున్న మనిషి. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, తారీఖులవీ చూసి, పదకొండని తేల్చి పుస్తకంలో వేశారు. ఓహో, అన్ని రోజులున్నామా అని ఆ రాత్రి పాపని పట్టుకుని ఏడ్చాను సార్. అప్పట్నించీ పదకొండే చెబుతున్నా."

ఆమె బతుకులో ఏడు రోజులు నేను టీ తాగుతూ కలిపాను. ఆమె వాటిని కూడా మోసింది. ఆశపడిందని నేను ఇంట్లో కూర్చుని తిట్టుకున్నాను.

అధికారి జేబురుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. ఈసారి మెల్లగా అడిగాడు.

"అది ఆవిడ లెక్కగట్టింది కాదమ్మా. గుర్తుపట్టకూడదని ఊరికే వేసిన అంకె. ఇప్పుడే ఆవిడే చెప్పారు. మీరు మీ నోటితో చెప్పండి. అసలు ఎన్ని రోజులున్నారు?"

టైలరమ్మ ముఖంలో నవ్వు పోయింది. బల్ల అంచు పట్టుకుంది. పెదవులు కదిలాయి, ఒకటీ రెండూ అని ఏదో లెక్కపెట్టుకున్నట్టు. లాయరమ్మ నాలుగు అనమ్మా అన్నట్టు ఆమె వంకే చూస్తోంది. నేనూ అదే అనుకుంటున్నాను. నాలుగు అను తల్లీ, ఒక్క మాట, తెలీదని చెప్పినా ఫరవాలేదు.

ఆమె వెనక్కి తిరిగింది. అధికారి, లాయరు, మైకు, అన్నిటినీ దాటి నన్ను చూసింది. జాకెట్టు చేతులు ఎంత పొడుగు పెట్టమంటారని అడిగినంత మామూలుగా అడిగింది.

"ఎన్నని చెప్పమంటారక్కా?"

నేను నోరు తెరవకూడదు. తల కూడా ఊపకూడదు. ఆమె నా జవాబు కోసం అలాగే చూస్తోంది. అధికారి తల వంచి ఆ ప్రశ్నని ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాడు.