పి.పి. నంబరు

లోవరాజు ఎంటర్ నొక్కి టీ గ్లాసు అందుకున్నాడు. ఊరి ఫోను డైరెక్టరీ కోసం వ్యాపారులూ పనివాళ్లూ రాసిచ్చిన వివరాలన్నీ వారం పాటు కూర్చుని టైపు చేశాడు. ఒకడు నంబరు మధ్య గీత పెడతాడు, ఒకడు చుక్క పెడతాడు, ఇంకొకడు చిరునామాలో ఇరికిస్తాడు. ఎక్కడ దాక్కున్నా ఆ అంకెల్ని వెతికి బయటికి లాగే లైబ్రరీ ఒకటి నెట్‌లో దొరికింది. లైబ్రరీ అంటే బస్టాండు దగ్గరిదే అనుకుంది అతని తల్లి. కాదమ్మా, ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాము అని చెప్పబోయి, మన వల్ల కాదని ఊరుకున్నాడు. అది మొదట్లో నర్సీపట్నం పిన్‌కోడ్‌ని కూడా ఫోను నంబరే అనుకుంది. ఊళ్లో ఫోను నంబర్లూ ఆరంకెలే కదా, దాని తప్పేముంది? ఒక్క లైనుతో దానికి బుద్ధి చెప్పాడు. పదేళ్లు ప్రెస్సులో శుభలేఖలు కొట్టిన చేతికి ఇన్నాళ్లకి పని లాంటి పని తగిలింది. సాయంత్రానికి డైరెక్టరీ అచ్చుకి వెళ్తుందని ధీమాగా ఉన్నాడు.

అంతలో ఒకే నంబరు ఏడెనిమిది పేర్ల పక్కన తేలింది. సన్నాయి సింగన్న, బావులు తవ్వే సోములు, పందిళ్లు వేసేవాళ్లు. డబుల్ వచ్చినవి తీసెయ్యమన్నారు ప్రెస్సు యజమాని మన్మథరావు గారు. తీస్తే మిగిలేది ఒక్క పేరు, కిరాణా కొట్టు గున్నమ్మ.

లోవరాజుకి నవ్వొచ్చింది. అది పి.పి. నంబరు. ఫోను లేనివాళ్లంతా గున్నమ్మ నంబరే తమదని ఇస్తారు. మోగిందంటే ఆవిడ బేరం వదిలేసి వీధిలోకి పరుగెడుతుంది. ఎవరికి సంబంధం కుదిరినా, ఎవరింట్లో ఎవరు పోయినా ముందు తెలిసేది ఆవిడకే. ఈ పేర్లు పుస్తకంలో లేకపోతే ముహూర్తాల రోజుల్లో సింగన్నని పిలిచేదెవరు? వాళ్లుండాల్సిందే అన్నాడు. అయితే నంబరు సరైనదేనని తేల్చమన్నారు యజమాని.

ఫోను కలిపాడు. గున్నమ్మే ఎత్తింది. సింగన్న నంబరు ఇదేనా అని మాత్రమే అడిగాడు.

“ఇదే బాబూ. ఉండు, పిలుత్తాను.”

పిలవక్కర్లేదన్నాడు.

“ఫోనొచ్చినాక పిలవకపోతే ఏటి బాగుంటాది? బేగొత్తాను.”

లోవరాజు రిసీవరుని భుజానికి అదిమిపెట్టుకుని, పేర్లన్నీ తిరిగి చేర్చి, ఒక్కో పేరు పక్కన పి.పి. అని కొట్టాడు. అవతల ఎవరూ రాలేదు. కాసేపటికి ఫోన్లో దూరంగా కేకలు వినిపించాయి. సైకిలెక్కి వెళ్లాడు.

సింగన్న గుమ్మం ముందు జనం మూగి ఉన్నారు. గున్నమ్మ పరుగున వచ్చి అక్కడే కూలిపోయిందట. గుండె ఆగిపోయిందన్నారు. సింగన్న ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“నాకు ఫోనొచ్చిందని సెప్పింది, అంతే. ఎవులు సేసేరో మరి.”

లోవరాజు సైకిలు అక్కడే వదిలేశాడు. ఏడుపొచ్చింది. వీధి చివర గున్నమ్మ కొట్టు వరకూ నడిచాడు. కొట్లో ఎవరూ లేరు. బెల్లం దిమ్మ పక్కన, సింగన్న వచ్చి మాట్లాడతాడని ఆవిడ పెట్టిన రిసీవరు వెల్లకిలా పడి ఉంది.