పరదేశం కారు, కట్టయ్య బర్రె

“ఏం రా భాస్కరూ, లా కాలేజీల చేరి ఆర్నెల్లు కాలే, అమ్మను అన్నం అడగడానికి సుత సెక్షన్ చెప్తున్నవట. జర ఇటు కూసో. నీ పుస్తకాల లేని దావా ఒకటి చెప్త.”

ఎనభై ఒకటి ఎండాకాలం. ములుగు రోడ్డు మీద తెల్ల కారొకటి కట్టయ్య బర్రెను గుద్ది చంపి ఆగకుండా పోయింది. ఆ ఇంటిని సాకేది ఆ ఒక్క బర్రే. కట్టయ్యకు ఇంగ్లీషు రాదు. అయినా కారు నంబరునూ, దాని పక్కనున్న సి.డి. అనే రెండక్షరాలనూ బొమ్మ గీసినట్టు అగ్గిపెట్టె మీద గీసుకొని హనుమకొండలో లింగమూర్తి వకీలు ముందు పెట్టాడు.

అది చూడగానే వకీలు పాన్ నమలడం ఆపాడు.

“సి.డి. అంటే పరదేశం సర్కారు కారు. ఒక సర్కారును ఇంకో సర్కారు కోర్టుకు గుంజద్దు. ఢిల్లీ ఒప్పుకుంటెనే దావా పడతది.”

“వాళ్లు తప్పు చేసినా సారూ?”

“అమెరికాల, లండన్ల కొత్త చట్టాలొచ్చినయ్. సర్కారు యాపారం చేస్తే దావా పడతదట. మనకాడ ఇంకా ఢిల్లీ కాయితమే.”

“నేను గా బర్రెతోటి పాల యాపారమే చేస్తుంటి గద.”

“యాపారం నువ్వు కాదయ్యా, వాళ్లు చెయ్యాలె.”

కట్టయ్యకు నమ్మకం కుదరలేదు. పుస్తకం తెరవకుండానే ఇదంతా ఈయనకు కంఠతా ఎట్లా వచ్చింది? మర్నాడు వకీలు ఇంటి వెనక గోడ మీంచి తొంగి చూశాడు. లోపల అదే కారు. ముందు సొట్ట కూడా అట్లాగే ఉంది.

“వకీలు అమ్ముడువోయిండు,” అన్నాడు ఇంటికొచ్చి.

భార్య సమ్మమ్మ మూతి తిప్పింది. “నీకు బర్రె మీద సుత శక్ ఉండె, అదే పాలల్ల నీళ్లు కలుపుతాందని.”

కట్టయ్య ఆగలేదు. వకీలుకు చెప్పకుండా, పోస్టాఫీసు ముందు అర్జీలు రాసే రాజమల్లు చేత ఢిల్లీకి ఉత్తరం రాయించాడు. మూడు నెలలకు జవాబొచ్చింది. ఆ నంబరు ఏ పరదేశం వాళ్లకూ ఇచ్చింది కాదు, దావాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు అని రాజమల్లు చదివి చెప్పాడు.

కట్టయ్య ఆ కాగితాన్ని వకీలు బల్ల మీద కొట్టాడు. “నా బర్రె పేరు మీద ఎంత తిన్నవ్ సారూ?”

వకీలు దాన్ని రెండుసార్లు చదివాడు. కలం తీశాడు. “నీ దావా ఇయ్యాల్నే ఏస్త. ఫీజు వద్దు.”

“గదెందుకు?”

“ఆ కారోడు మా ఇంట్ల మీది అర్రలల్ల కిరాయికుంటడయ్యా. ఖాళీ చెయ్యమంటే, పరదేశం సర్కారు మనిషిని, నా మీద దావా పడదంటడు. రెండేండ్ల సంది గా చట్టం చదివింది నీ బర్రె కోసం కాదు.”