తొమ్మిదో ముక్క

పదిహేడో నంబరు ఎముక రంపానికి ఒక పట్టాన లొంగలేదు.

వజ్రపు అంచున్న రంపం అది. ఇరవై రెండేళ్ళుగా ఆ పరిశోధనశాలలో దాని ముందు కూర్చున్న మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండేది గాని, అందరూ రంపమ్మ అనే పిలిచేవారు. హాజరు పట్టీలో సంతకం చేసేటప్పుడు తప్ప ఆ అసలు పేరు ఆమెకే గుర్తుకు వచ్చేది కాదు. మామూలు తొడ ఎముకను పొడవునా చీల్చి, అగ్గిపుల్లంత పొడవున సన్నటి ముక్కలు తియ్యడానికి ఆమెకు ఒక పూట చాలు. ఈ ఎముకకు రెండు రోజులు పట్టింది. రెండు రంపపు బిళ్ళలు అరిగిపోయాయి. నీళ్ళ ధార కింద మూడో బిళ్ళ కూడా కీచుమని ఆగిపోతే ఆమె యంత్రాన్ని ఆపి, ఎముకను అటు తిప్పి చూసింది. పక్కవాటున వరసగా మూడు మరమేకుల రంధ్రాలు. మూడోది కాస్త వంకర.

ఆ వంకర ఆమెకు తెలుసు. నాలుగేళ్ళ కిందట ఆసుపత్రి మంచం మీద అక్క తన ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, "చూడవే, ఆ మూడోది బిగించేటప్పుడు ఆపరేషను చేసినాయనకి తుమ్మొచ్చినట్టుంది," అని నవ్వింది.

దేహాన్ని దానం చేసినవారి పేరు ఆ గది గడప దాటి లోపలికి రాదు. నంబరు మాత్రమే వస్తుంది. తన రక్తసంబంధీకుల ఎముకను ఎవరూ ముట్టరాదన్నది అక్కడి నియమం. తెలిసీ ముడితే ఉద్యోగం పోతుంది. రంపమ్మ లేచి వెళ్ళి ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే ఆ ఎముక మరొకరి చేతికి పోతుంది, ఆ పని శుభ్రంగా చెయ్యగల మరొక చెయ్యి అక్కడ లేదు. పైగా పోయే ముందు అక్క అన్న మాట ఒకటి చెవిలో నిలిచిపోయింది: "నన్ను కోసేది నువ్వే అయితే మేలు. బెండకాయలు కూడా సరిగ్గా తరగలేని వాళ్ళకి నన్ను అప్పజెప్పకు."

ఆమె బిళ్ళ మార్చి మీట నొక్కింది. పంటి బిగువున పని పూర్తి చేసింది. తొమ్మిది ముక్కలు వచ్చాయి. నియమం ప్రకారం రంపం కింద తొట్టిలో పేరుకున్న తెల్లటి బురదను కాలువలోకి కడిగేసింది. తొమ్మిది ముక్కలనూ ఉప్పునీటిలో తడిపిన గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. బతికున్న మనిషిలో ఎముక తడిగానే ఉంటుంది కాబట్టి పరీక్షకు పెట్టే ఎముక కూడా తడిగానే ఉండాలి. ఆ గదిలో అడుగుపెట్టిన ప్రతివారికీ మొదటి రోజు నేర్పే పాఠం అది.

అక్క ఇరవై ఆరేళ్ళు అల్యూమినియం కర్మాగారంలో కరిగింపు షెడ్డులో పని చేసింది. ఆ షెడ్డు గాలిలో ఎప్పుడూ ఫ్లోరైడు పొగ కమ్ముకుని ఉండేది. మొదట చీలమండ విరిగింది, తరువాత మణికట్టు, చివరికి మంచం దిగబోతుంటే తొడ. ఒక్క అక్కే కాదు, ఆ షెడ్డులో పదమూడు మంది ఆడవాళ్ళది అదే కథ. కంపెనీ డాక్టరు మాత్రం వచ్చిన ప్రతి ఆడమనిషి ఎక్స్‌రేనూ దీపం పెట్టె మీద తగిలించి ఒకటే పాట పాడేవాడు. "ఇవి ఎముకలు కావమ్మా, ఏనుగు దంతాలు. ఇంత తెల్లగా, ఇంత దట్టంగా నాకే లేవు. కింద చూసుకుని నడువు, చాలు."

ఆ తెలుపే రోగం. పొగ ఎక్కిన ఎముక దట్టమవుతుంది, దానితోపాటే బలం కోల్పోతుంది. ఎక్స్‌రే ఆ సంగతి చెప్పదు, ఎముకను వంచి విరిస్తేనే తెలుస్తుంది. విచారణ వేయించుకోవడానికి ఆ ఆడవాళ్ళకు ఆరేళ్ళు పట్టింది. విరిచి చూడడానికి ఒక ఎముక కావలసి వచ్చినప్పుడు అక్క తన దేహాన్ని రాసిచ్చి పోయింది. ఆమె పోయిన నెలకే ఆమె కూతురికి అదే షెడ్డులో, తల్లి నిలబడిన చోటే పని ఇచ్చారు. పుట్టినప్పటి నుంచి షెడ్డు పక్క క్వార్టర్సులో ఆ పొగే పీల్చి పెరిగిన పిల్ల.

పరీక్షకు రెండు రోజుల ముందు ఆ పిల్ల కుళాయి తిప్పబోతే బొటనవేలు విరిగింది. రంపమ్మ సెలవు పెట్టి పరుగెత్తింది. వేలికి కట్టు కట్టించి, ఎక్స్‌రే తీసుకుని చూసింది. తల్లి ఎముకల తెలుపు కూతురి ఎముకల్లోకి అప్పుడే దిగుతోంది.

"మానెయ్యవే," అంది రంపమ్మ.

"మానేస్తే క్వార్టర్సు ఖాళీ చెయ్యమంటారు పిన్నీ. నీ ఒంటిగదిలో నీ పక్కన ఇరుక్కోమంటావా? నువ్వు నిద్రలో కూడా రంపం కోసినట్టే గురక పెడతావు."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"ఏడిస్తే వేలు అతుక్కుంటుందా?" ఆ పిల్ల కట్టు వైపు చూసుకుంది. గొంతు తగ్గించి అడిగింది. "పిన్నీ, మీ దగ్గరికి వెళ్ళినవాళ్ళది ఏమీ తిరిగి రాదా? అమ్మది చిన్న ముక్కైనా చాలు. మట్టిలో పెట్టి, పైన ఒక రాయి పెట్టుకుంటాను. ఎక్కడ కూర్చుని మాట్లాడాలో కూడా తెలియట్లేదు నాకు."

"పరీక్షకి ఎనిమిది చాలు. తొమ్మిదోది నీకు తెచ్చిస్తాను," అంది రంపమ్మ.

"ఒట్టు?"

"ఒట్టే."

మూడో రోజు పొద్దున ఆమె పనిలోకి వచ్చేసరికి ఎనిమిది ముక్కలూ అద్దుడు కాగితం మీద వరసగా పరిచి ఉన్నాయి. ఒక్కొక్కదాని మీద గుండ్రటి చేతిరాతతో చిన్న చీటీ అతికించి ఉంది. ఆ చేతిరాత పరిశోధనశాలకు పెద్ద అయిన ప్రొఫెసరుది, అదంటే ఆయనకు మహా మురిపెం. తడి ఎముకకు చీటీ అంటుకోదు. అందుకని రెండు రోజులూ వాటిని ఏసీ గాలికి ఆరబెట్టి, తుడిచి, జిగురు రాసి అతికించాడు. రంపమ్మ ఒకదాన్ని వేలితో తట్టింది. గాజులా ఖణేల్మంది.

"సార్, ఇవి ఎండిపోయాయి."

ప్రొఫెసరు ముఖంలో ఒక్క క్షణం నెత్తురు చుక్క లేదు. అంతవరకు అది ఉత్త పొరపాటే.

"నానబెడదాం సార్. ఒక్క రాత్రి నానితే మళ్ళీ దారికొస్తాయి."

"పరీక్ష చూడడానికి కంపెనీ డాక్టరుగారు వచ్చి కూర్చున్నారు. రేపు రమ్మని ఏ మొహంతో చెప్పను? కానియ్యి, మొదలుపెట్టు."

ఎండిన ఎముక తడి ఎముక కంటే ఎక్కువ బరువు ఓర్చుకుంటుంది. ఆ గది మొత్తానికి తెలిసిన ముచ్చటే. పొగ ఎరగని అదే వయసు ఆడమనిషి ఎముక, తడిగా పరీక్షిస్తే, యాభై అయిదు న్యూటన్ల బరువు దగ్గర విరిగినట్టు పాత లెక్క ఉంది. అక్క ముక్కలు ఎండినవి యాభై దగ్గర విరిగాయి. ఎనిమిదీ దాదాపు అంతే. కంపెనీ డాక్టరు లేచి ప్రొఫెసరు చెయ్యి పట్టుకుని ఊపాడు. "నే చెప్పలా, ఏనుగు దంతాలని?"

ఆ చెయ్యి తన చేతిలో ఉండగానే ప్రొఫెసరు పొరపాటు అబద్ధంగా మారింది. రిపోర్టులో ముక్కలు ఎండాయన్న మాట ఎక్కడా రాలేదు.

విచారణ ఆ పరిశోధనశాలలోనే జరిగింది. విచారణాధికారిణి ముసలావిడ, చేతికర్ర మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని, మందపాటి కళ్ళద్దాల వెనక నుంచి రిపోర్టును అక్షరం వదలకుండా చదివింది. షెడ్డు ఆడవాళ్ళు గోడ పొడవునా నిలబడ్డారు. వాళ్ళలో బొటనవేలికి కట్టుతో అక్క కూతురు కూడా ఉంది.

"అయిదు తేడా మనిషికీ మనిషికీ మామూలుగా ఉండేదే," అన్నాడు ప్రొఫెసరు. "షెడ్డుకీ ఎముకలకీ సంబంధం కనబడలేదు."

"ఎవరికైనా చెప్పవలసింది ఉందా?" అని అడిగింది విచారణాధికారిణి.

రంపమ్మ ముందుకు వచ్చింది. "ఆ ఎనిమిది ముక్కలూ ఎండినవమ్మా. పోల్చి చూసినది తడి ఎముకతో. ఎండినదానికి బలం ఎక్కువ కనబడుతుంది. సారుకి చెప్పాను, విన్నారు కాదు."

ప్రొఫెసరు తొణకలేదు, బెణకలేదు. ఇలాంటి ఘడియ వస్తుందని ఎదురుచూస్తున్నవాడిలా మెల్లగా కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఈవిడని ఒక్క ప్రశ్న అడగండి. పదిహేడో నంబరు ఈవిడకేమవుతుందో చెప్పమనండి."

రంపమ్మ గోడ వైపు చూడలేదు.

"మా అక్క," అంది.

"విన్నారుగా. సొంత అక్కని కోసింది. మనసు ఎట్లా వచ్చిందో తెలియదు. ఇటువంటి మనిషి మాటకి విలువేమిటి? చెల్లెలిగా ఈవిడ పేరు మొదటి రోజే దస్త్రంలో చూశాను, పోనీలే పాపమని ఊరుకున్నాను."

విచారణాధికారిణి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "మొదటి రోజే తెలుసా?"

"అంటే…"

"తెలిసి కోయించారు. అంకె మీకు నచ్చకపోతే అక్కాచెల్లెళ్ళ సంగతి బయటపెట్టి పరీక్ష కొట్టేయిద్దామని దాచుకున్నారు. నచ్చింది కాబట్టి ఈవిడ నోరు విప్పేదాకా ఆగారు. అంతేనా?"

వెనక్కి వాలిన ప్రొఫెసరు నిటారుగా లేచి కూర్చున్నాడు.

ఆవిడ రంపమ్మ వైపు తిరిగింది. "మీరు చేసింది తప్పు. మీ మాట నేను లెక్కలోకి తీసుకోలేను. రిపోర్టు నమ్మనూ లేను. కానీ వేరే ఎముక లేకుండా నేనేం తేల్చాలి? మళ్ళీ ఎవరో ఒకరు చచ్చిపోయేదాకా షెడ్డు అట్లాగే నడవాలా?"

గోడ దగ్గర నిలబడిన ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ తరువాతి ఎముక ఎవరిదో అని ఒక్కొక్కరూ లెక్క వేసుకుంటున్నట్టుంది. రంపమ్మ అప్పుడు అటు చూసింది. అక్క కూతురి కట్టు మీద చూపు ఆగింది.

"నా మాట కొట్టెయ్యండమ్మా," అంది. "ఎముకని కొట్టెయ్యకండి. తొమ్మిదో ముక్క ఉంది. ఫ్రిజ్‌లో తడిగా ఉంది. కొలతలు డాక్టరుగారినే చూసుకోమనండి. యంత్రం మీద ఆయన చేతులతోనే పెట్టమనండి. నేను ముట్టను."

ఆమె ఫ్రిజ్ తెరిచి గుడ్డ మూట తీసింది. డాక్టరు వరకు వెళ్ళాలంటే గోడ పక్కగా వెళ్ళాలి. అక్క కూతురు అడ్డం వచ్చి నిలబడింది.

"అది నాకిస్తానన్నావు కదా పిన్నీ."

"అన్నాను."

"ఒట్టేశావు."

"వేశాను. తప్పుకో."

"వద్దు పిన్నీ. అమ్మది ఇంకేం లేదు."

"నీ వేలు చూసుకో," అంది రంపమ్మ, గొంతు పెంచకుండా. "ఇవాళ ఇది విరక్కపోతే రేపు ఆ యంత్రం మీద పెట్టడానికి నిన్ను కొయ్యాలి. నిన్ను కొయ్యడానికి నాకు ఓపిక లేదు."

ఆ పిల్ల చెంపదెబ్బ తిన్నట్టు పక్కకు జరిగింది.

డాక్టరు ముక్కను మూడుసార్లు కొలిచాడు. వేళ్ళు తడయితే జేబురుమాలుతో తుడుచుకున్నాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకక, దాన్ని యంత్రంలోని రెండు దిమ్మెల మీద అడ్డంగా ఆనించి మీట నొక్కాడు. పైనుంచి ఇనుప మొన మెల్లగా దిగింది. అంకె ఎక్కసాగింది. పది. ఇరవై. ముప్పై. ముప్పై ఏడు దగ్గర టప్పున సుద్దముక్క విరిగినట్టు విరిగింది. ఒక తునక ఎగిరి డాక్టరు చొక్కా మీద పడింది. ఆయన దాన్ని పురుగును దులుపుకున్నట్టు దులుపుకోబోయి, అందరూ చూస్తున్నారని ఆగిపోయాడు.

"గట్టిగా చదవండి," అంది విచారణాధికారిణి.

"ముప్పై ఏడు."

"ఏనుగు దంతమా అది?"

షెడ్డు ఆడవాళ్ళలో ఎవరో నవ్వారు. ఆ నవ్వులో సంతోషం లేదు.

విచారణాధికారిణి అక్కడే కూర్చుని ఉత్తర్వు రాయించింది. మరునాటి ఉదయం నుంచి షెడ్డు మూసివేయాలి, వేరే చోట, వేరే చేతులతో కొత్త పరీక్షలు పూర్తయ్యేదాకా తెరవరాదు, అందాకా ఎవరి క్వార్టర్సూ ఖాళీ చేయించరాదు. ప్రొఫెసరు మీద విచారణ జరగాలి. చివర, నియమం తప్పినందుకు రంపమ్మను ఉద్యోగం నుంచి తొలగించాలని కూడా రాయించింది. రంపమ్మ తల ఊపింది. అది న్యాయమేనని ఆమెకూ తెలుసు.

విరిగిన రెండు తునకలనూ ఒక సంచిలో వేసి లక్క ముద్ర కొట్టారు. కేసు ఎన్నేళ్ళు నడిస్తే అన్నేళ్ళూ అవి బీరువాలో ఉండాలి.

రంపమ్మ తన ఏప్రాను మడిచి రంపం మీద పెట్టి బయటికి వచ్చింది. అక్క కూతురు మెట్ల మీద కూర్చుని ఉంది. తల ఎత్తకుండానే అడిగింది.

"కోసినప్పుడు పొడి రాలుతుంది కదా. అదైనా ఉందా?"

"లేదు."

"చిటికెడు కూడా?"

"ఆ రోజే కాలువలోకి కడిగేశాను. అక్కడి నియమం."

ఆ పిల్ల తల ఎత్తి ఆమె ముఖంలోకి చూసింది. "అమ్మని ముట్టుకోకూడదన్న నియమం తప్పావు. కడిగెయ్యాలన్నది మాత్రం పాటించావు."

ఆ పిల్ల లేచి, పరిశోధనశాల గోడ వెంబడి నడిచి, వీధిలోకి తెరుచుకున్న మురుగుకాలువ దగ్గర ఆగింది. ఇనుప ఊచల కింద నీళ్ళు పారుతున్నాయి. కట్టు ఉన్న చేతిని జాగ్రత్తగా ఒళ్ళో పెట్టుకుని ఆ ఊచల పక్కన కూర్చుంది. కూర్చుని, తల్లితో మాట్లాడడం మొదలుపెట్టింది. ముందుగా చెప్పింది పిన్ని గురించే. గొంతు తగ్గించకుండా చెప్పింది. రంపమ్మ మెట్ల దగ్గరే నిలబడి, ఒక్క మాట కూడా వదలకుండా, అంతా విన్నది.